హోం మంత్రి గారికి: మనిషి కనిపించకుండా పోయినప్పుడు పోలీసులు మౌనంగా ఉండకూడదు

గౌరవనీయులైన హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మా వదిన దగ్గర ఒక రూళ్ల నోటు పుస్తకం ఉంది. మొదటి నాలుగు పేజీల్లో మా మేనల్లుడి లెక్కలు ఉంటాయి. ఐదో పేజీ నుంచి వదిన రాత. అన్నయ్య కనిపించకుండా పోయిన రాత్రి చేతికి దొరికిన పుస్తకం అదే. స్కేలుతో గీతలు కొట్టి టైము, నంబరు, ఏం చెప్పారు అని మూడు గళ్లు చేసుకుంది. పోస్టర్ మీద తన ఫోన్ నంబరే వేయించింది కాబట్టి వచ్చిన ప్రతి ఫోనూ అందులో రాసింది. తను కాస్త కన్ను మూసినప్పుడు నేను రాశాను.

మొదటి రెండు రోజుల పేజీలు చదివితే మనుషుల మీద ప్రేమ పుడుతుంది. "బస్టాండులో అలాంటి మనిషిని చూశారట, చొక్కా రంగు వేరు." "ఆచూకీ తెలియదు, ధైర్యం చెప్పడానికి చేశారు." మూడో రోజు నుంచి అదే గడిలో వేరే మాటలు. "అప్పులెన్ని ఉన్నాయని అడిగారు." "నువ్వే ఏదో చేశావు అన్నారు." తెల్లవారుజామున 2.40కి వచ్చిన ఒక ఫోన్ పక్కన వదిన రాసింది రెండే ముక్కలు: "నవ్వాడు. పెట్టేశాడు." ఆ తర్వాత కూడా ఫోన్ ఆపలేదు. ఎలా ఆపుతుంది? మోగేది అన్నయ్యే కావచ్చు కదా.

మూడో రోజు జరిగింది ఇది. వదిన వేయించిన పోస్టర్ కింద ఎవరో "భార్య మీదే అనుమానం" అని ఒక లైను చేర్చి వాట్సాప్‌లో తిప్పారు. ఆమె కెమెరా ముందు మాట్లాడిన చిన్న ముక్కను ఒకాయన ఆపి ఆపి చూపిస్తూ, కళ్లల్లో తడి లేదు గమనించండి అని వీడియో చేశాడు. అన్నయ్య ఫోన్ చివరిసారి ఏ టవర్ పరిధిలో ఉందో మాకు స్టేషన్ వాళ్లు చెప్పలేదు, ఎవరో ఫార్వర్డ్ చేసిన మెసేజ్‌లో చూశాం. అది లోపలి నుంచి కాక ఎక్కడి నుంచి వస్తుంది? స్టేషన్‌కు వెళ్లి అడిగితే మాత్రం "విచారణ జరుగుతోందమ్మా, ఏదైనా ఉంటే చెప్తాం" అన్నారు.

ఆరో రోజు అన్నయ్య దొరికాడు. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, జేబులో ఒక్క కాగితం కూడా లేక, వేరే ఊరి ఆసుపత్రిలో పేరు తెలియని పేషెంటుగా ఉన్నాడు. పోలీసులే ఆసుపత్రులన్నీ జల్లెడ పట్టి కనిపెట్టారు. ఆ రుణం మేం తీర్చుకోలేం. కానీ ఆ ఆరు రోజులు వదిన మీద పడిన మాటలు అబద్ధమని ఎవరూ ఎక్కడా చెప్పలేదు. వీడియో ఇప్పటికీ అలాగే ఉంది.

మా ఒక్క ఇంటి గోడు చెప్పుకోవడానికే అయితే ఇలా బహిరంగంగా రాసేదాన్ని కాదు. ఆ తర్వాత నేను ఇలాంటి కేసులు చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా ఇదే వరస.

ఆస్ట్రేలియాలో 1980లో ఉలురు దగ్గర గుడారంలోంచి తొమ్మిది వారాల పసిపాపను డింగో, అంటే అక్కడి అడవికుక్క, ఎత్తుకుపోయింది. తల్లి అదే చెప్పింది. ఆమె టీవీలో గుండెలు బాదుకుని ఏడవలేదని జనం నమ్మలేదు. 1982లో యావజ్జీవ శిక్ష పడింది. కారులో కనిపించింది పాప రక్తమని అప్పుడు నిపుణులు చెప్పారు. అది కారు తయారీలో శబ్దం తగ్గించడానికి వేసే పూత అని తర్వాత తేలింది. 1986లో, పాప ఒంటి మీద ఉందని తల్లి చెబుతూ వచ్చిన జాకెట్ దొరికాక ఆమె జైలు నుంచి బయటికి వచ్చింది, 1988లో శిక్ష కొట్టేశారు. పాపను చంపింది డింగోనే అని కరోనర్, అంటే మరణాలకు కారణం తేల్చే అధికారి, అధికారికంగా రాసింది మాత్రం 2012లో. ముప్పై రెండేళ్లు! దుఃఖం ఎలా కనిపించాలో జనమే ఒక కొలత పెట్టుకుని, దానికి సరిపోని తల్లిని హంతకురాలిని చేశారు. మా వదిన కళ్లల్లో తడి వెతికిన మనిషి చేసిందీ అదే.

2013లో అమెరికాలో, బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత, అంతకు నెల ముందు నుంచే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థిని ఇంటర్నెట్‌లో జనం నిందితుడిగా తేల్చేశారు. అతన్ని వెతకడానికి ఇంటివాళ్లు పెట్టుకున్న పేజీ నిండా తిట్లే. కొద్ది రోజులకే అతని శవం నదిలో దొరికింది. పేలుళ్ల కంటే ముందే చనిపోయాడు. ఆ కుటుంబానికి క్షమాపణలు వచ్చాయి. దాంతో ఏం చేసుకుంటారు?

మీరు ముఖ్యంగా చూడాల్సింది ఇంగ్లండ్‌లోని లాంకషైర్ కేసు. 2023 జనవరిలో ఒక తల్లి నది ఒడ్డున కుక్కతో నడకకు వెళ్లి మాయమైంది. బెంచీ మీద ఆమె ఫోన్, ఇంకా ఆఫీసు కాల్‌లోనే ఉంది. మూడు వారాల పాటు జనం వచ్చి ఊరంతా వీడియోలు తీశారు. పోలీసులేమో మొదట విలేకరులతో సరిగా మాట్లాడలేదు. ఆపైన ఒత్తిడి తట్టుకోలేక ఆమె సొంత ఆరోగ్య విషయాలు బయటపెట్టేశారు. చివరికి నదిలోనే దొరికింది, ప్రమాదవశాత్తూ మునిగిపోయిందని విచారణలో తేలింది. పోలీసుల తీరు మీద జరిగిన సమీక్ష ఆ వివరాలు బయటపెట్టాల్సిన అవసరమే లేదంది. విలేకరులకు సమాచారం ఇవ్వకపోవడం వల్లే ఊహాగానాలు అడ్డూ అదుపూ లేకుండా పెరిగాయని కూడా చెప్పింది. చెప్పాల్సినప్పుడు చెప్పకపోవడం, చెప్పకూడనిది చెప్పడం, రెండు తప్పులూ ఒకే కేసులో.

అందుకే మంత్రి గారూ, జనం నోళ్లు మూయించమని నేను అడగడం లేదు. అది మీ వల్ల కాదు, కాకూడదు కూడా. "ఫలానా చోట చూశాను" అని ఫోన్ చేసిన వాళ్లు మాకు కావాలి. మనుషులు దొరికేది చాలాసార్లు వాళ్ల వల్లే. "నాకేమనిపిస్తోందంటే" అని మొదలుపెట్టే వాళ్లతోనే ప్రమాదం. పోలీసులు మాట్లాడని చోటే వాళ్ల మాట చెల్లుతుంది.

మీరు మీ శాఖను మాట్లాడించండి. మనిషి కనిపించడం లేదని ఫిర్యాదు వచ్చిన రోజే ఒక అధికారిని ఆ కుటుంబానికి కేటాయించండి. కొత్త సంగతి ఏమీ లేకపోయినా రోజూ ఒక వేళకు ఆయన ఫోన్ చేయాలి. "ఈరోజు ఫలానా ఆసుపత్రులు చూశాం, లేరు" అన్న ఒక్క మాట ఉంటే ఆ రాత్రి గడుస్తుంది. పోస్టర్ మీద ఇంటివాళ్ల నంబరు కాదు, మీ వాళ్ల నంబరు ఉండాలి. ఆ 2.40 ఫోన్ మా వదిన ఎత్తాల్సింది కాదు.

బయటికి చెప్పేది కూడా ఒకే అధికారి చెప్పాలి, ఏది తెలిసింది, ఏది ఇంకా తెలియదు, ఏది దర్యాప్తు కోసం చెప్పడం లేదు అని విడివిడిగా. కాల్ వివరాలు, సీసీటీవీ ముక్కలు లోపలి నుంచి బయటికి పోతే ఎవరు పంపారో విచారణ జరగాలి. అనుమానితుడి ఫొటో ముందే అందరి ఫోన్లలో తిరిగితే, రేపు గుర్తింపు పరేడ్‌లో సాక్షి గుర్తుపట్టింది ఆరోజు చూసిన మనిషినా, ఫోన్‌లో చూసిన ఫొటోనా? ఇది మీ అధికారులకు తెలియనిది కాదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ఎవరికి కేసుతో సంబంధం లేదని తేలితే, వాళ్లు కోరితే, ఆ మాట పేరు పెట్టి రాతపూర్వకంగా ప్రకటించాలి. 1996లో అట్లాంటా ఒలింపిక్స్ సమయంలో బాంబు సంచిని ముందుగా చూసి జనాన్ని దూరం జరిపిన సెక్యూరిటీ గార్డునే అనుమానితుడిని చేశారు. 88 రోజుల తర్వాత ప్రభుత్వ న్యాయవాది అతను నిందితుడు కాదని ఉత్తరం ఇచ్చారు. ఆలస్యమే, కానీ కనీసం ఒక కాగితం ఉంది. మా వదిన చేతిలో అదీ లేదు.

ఆ నోటు పుస్తకంలోని పేజీల నకలు, నంబర్లు కొట్టేసి, ఈ లేఖతో పాటు మీ కార్యాలయానికి పంపుతున్నాను. మూడో రోజు పేజీ నుంచి చదవమని కోరుతున్నాను. పిలిస్తే నేనూ, వదినా ఇద్దరం వస్తాం.

ఇట్లు,
ఆమె ఆడపడుచు