శ్రీలంక చిన్న వ్యాపారిని ఎవరు పట్టించుకుంటారు?

సంపాదకులకు నమస్కారం.

శ్రీలంక కోలుకుంటోందని ఈమధ్య తరచూ చదువుతున్నాం. సంతోషమే. కానీ అక్కడి చిన్న వ్యాపారి గోడు ఆ వార్తల్లో కనిపించడం లేదు.

2019 చివర్లో సరుకుల కొనుగోళ్లపై వేసే వ్యాట్ పన్నును 15 శాతం నుంచి 8కి దించారు, ఖజానాకు గండి పడింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నపళంగా నిషేధించి, పంట దెబ్బతిన్నాక నవంబరులో వెనక్కి తగ్గారు. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపే ఆపేశారు. అంతకుముందు నెలలోనే కాగితం కొనడానికి డాలర్లు లేక పశ్చిమ రాష్ట్రంలో బడి పరీక్షలు వాయిదా పడ్డాయి. గ్యాస్ దొరక్క బేకరీలు మూతపడ్డాయి. 2024 జనవరికల్లా వ్యాట్ 18 శాతం!

అయిదేళ్లు తిరక్కుండా ఇన్ని మలుపులు. ఇక ఏ దుకాణదారు ధైర్యంగా అప్పు తెచ్చి సరుకు నింపుతాడు? అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దగ్గర అప్పు తీసుకున్నాక పన్నులు పెంచక తప్పదు, కాదనను. అయితే రేటు మార్చే ముందు తగిన గడువివ్వాలి. పెద్ద ఆదాయాల మీద పన్ను గట్టిగా వసూలు చేసి, రోజువారీ కొనుగోళ్ల మీద భారం తగ్గించాలి. కొలంబో చిల్లర వర్తకులతో మాట్లాడి మీ పత్రిక ఒక కథనం ఇస్తే బాగుంటుంది.

– ఒక పాఠకుడు, నెల్లూరు