తెల్ల టోపీ బాబాయ్ గారికి థాంక్స్

విజయవాడలో ఉంటూ పిల్లాడికి ఈత రాకపోతే ఎలా, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ ఊళ్లోంచే పారుతున్నాయి, పక్కనే కృష్ణ, అందుకని మా ఎనిమిదేళ్ల వాణ్ణి స్విమ్మింగ్ పూల్‌లో వేసవి క్యాంపుకి చేర్పించాను. నాలుగు రోజులు మెట్ల దగ్గర రాడ్ పట్టుకుని వదల్లేదండీ. ముప్పై మంది పిల్లలకు కోచ్ ఒక్కరే, ఆయన్ని మాత్రం ఏమనగలం.

ఐదో రోజు పక్కన ఈదుతున్న మీరు ఆగి, "ఏరా, పాలు వేడిగా ఉంటే ఏం చేస్తావ్?" అన్నారు. ఊదుతానన్నాడు. "అయితే ఈ నీళ్లని ఊదు." బుడగలొచ్చాయి, వాడు నవ్వాడు. మూతి, ముక్కు, తర్వాత మొహమంతా, అలా పావుగంటలో తల నీళ్లలో పెట్టించేశారు! నీళ్లలో ఊపిరి వదలాలి, పైకొచ్చి నోటితో పీల్చాలి, కాళ్లు మోకాళ్ల నుంచి కాదు తొడల నుంచి ఆడించాలి అని మీరు చెప్పినవన్నీ ఇప్పుడు ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని నాకు నేర్పిస్తున్నాడు (నాకూ ఈత రాదు లెండి).

మొన్న అడ్డంగా ఆ చివరిదాకా వెళ్లాడు, ఎవరూ పట్టుకోకుండానే. గట్టెక్కగానే మీకోసం వెతికాడు, అప్పటికే మీరు స్కూటర్ తీసేశారు. పేరు కూడా అడగలేదు, నాదే తప్పు.

వాడి భుజాల మీద కప్పిన మీ నీలం తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి, మడిచి, రోజూ వాడి సంచిలో పెట్టి పంపుతున్నాను.