బండి నంబరుతో పాటు బోర్డునూ ఫోటో తీయించండి: కర్ణాటక హోంశాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో లైన్ సూపర్‌వైజర్‌ని. సొంతూరు మదనపల్లె దగ్గర. పెళ్ళయి బెంగళూరు వచ్చి 14 ఏళ్ళయింది. ఈ లేఖను కన్నడంలో రాసి మీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. పక్కింటి అక్క ఒక సాయంత్రమంతా కూర్చుని నా కన్నడం తప్పులు దిద్దిపెట్టింది. అదే సంగతి మళ్ళీ తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మా ఫ్యాక్టరీలోనూ మా వీధిలోనూ నాలాంటి తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. తప్పు తమది కాకపోయినా "పోనీలే, కట్టేస్తే పీడ పోతుంది" అని ఫైన్లు కట్టేసినవాళ్ళు వాళ్ళలో తక్కువేం కాదు. వాళ్ళు కూడా చదవాలి.

విషయం 500 రూపాయల నో పార్కింగ్ చలాన్.

ఆ రోజు 18వ తేదీ. అమ్మకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయి నెల దాటింది, మళ్ళీ చూపించుకొమ్మని డాక్టరు చెప్పారు. ఉదయం ఇంటి పని ముగించుకొని, అమ్మను స్కూటీ వెనక కూర్చోబెట్టుకొని, సిల్క్ బోర్డు ట్రాఫిక్ దాటుకొని ఆసుపత్రికి చేరేసరికి 11 అయింది. బేస్‌మెంట్‌లో పార్కింగ్ నిండిపోయిందని సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. ముందున్నది మెయిన్ రోడ్డు. అక్కడ బండి పెట్టకూడదని ఎవరైనా చెప్పగలరు, నీలం గుండ్రం మీద ఎర్ర గీత ఉన్న బోర్డు కనిపిస్తూనే ఉంది. అమ్మను గేటు దగ్గర దించి, నేను పక్కనున్న క్రాస్ రోడ్డులోకి, అంటే మెయిన్ రోడ్డు నుంచి చీలే చిన్న వీధిలోకి తిప్పాను.

ఆ క్రాస్ రోడ్డులో తేదీని బట్టి పార్కింగ్. ఈ ఊళ్ళో పాత పేటల్లో తిరిగేవాళ్ళకు ఇది తెలిసిన పద్ధతే, సరి తేదీల్లో ఒక పక్క, బేసి తేదీల్లో ఎదురు పక్క. బోర్డు కన్నడంలో ఉంది. తెలుగు చదవగలిగినవాళ్ళకు కన్నడ బోర్డు చదవడం కష్టమేమీ కాదు, తలకట్ల దగ్గర కొంచెం అలవాటు పడితే చాలు. మనం సరి అనేదాన్ని అక్కడ 'సమ' అని రాశారు, మన బేసి వాళ్ళకు 'బెస'. నేను చదివాను. చదివి కూడా, బోర్డుకు సగం తుప్పు పట్టి ఉంది కాబట్టి, ఎందుకైనా మంచిదని పక్కనే ఒక నీలం గేటు ముందు పూలమ్మే ఆవిడను అడిగాను. "ఇవత్తు ఈ కడేనే", ఈరోజు ఈ పక్కే అన్నారు. అప్పటికే అక్కడ వరసగా 15, 20 టూ వీలర్లు ఉన్నాయి. వాటి పక్కన పెట్టాను. ముప్పావు గంటలో తిరిగి వచ్చాం. బండి మీద చీటీ లేదు, ఎవరూ ఏమీ అనలేదు.

27వ తేదీ రాత్రి ఫోనుకు మెసేజ్ వచ్చింది. నో పార్కింగ్. స్థలం అన్నచోట మెయిన్ రోడ్డు పేరు ఉంది. నేను బండి పెట్టింది అక్కడికి 40 అడుగుల లోపల, క్రాస్ రోడ్డులో.

లింకు తెరిచి ఫోటో చూశాను. నా నంబరు ప్లేటు, వెనక చక్రం, కింద జానెడు తారు రోడ్డు. ఎడమ మూలలో ఒక నీలం గేటు అంచు. అంతే. బోర్డు లేదు, షాపు లేదు, స్తంభం లేదు, పక్క బండి కూడా లేదు. ఆ ఫోటో చూసి ఆ బండి బెంగళూరులో ఉందో మా మదనపల్లె బస్టాండులో ఉందో ఎవరూ చెప్పలేరు.

మంత్రి గారూ, నేను నో పార్కింగ్ ఫైన్లే వద్దనడం లేదు. ఆ మాట ముందే చెప్పాలి. అమ్మకు ఒక కన్ను మూసి ఉన్న రోజుల్లో, ఆ ఆసుపత్రికి నడిచే ఫుట్‌పాత్ మీద బైకులు అడ్డంగా పెట్టి ఉంటే, ఆవిడ చెయ్యి పట్టుకొని బస్సులు పోయే రోడ్డు మీదికి దిగాల్సి వచ్చింది. నా గుండె దడదడలాడింది. ఆ బైకులకు ఎంత ఫైన్ వేసినా నాకు అభ్యంతరం లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో చేసినది, దానికి 2019లో సవరణ వచ్చింది. సెక్షన్ 177 కింద మొదటి తప్పుకు 500 దాకా, మళ్ళీ చేస్తే 1,500 దాకా వేయవచ్చు. వేయండి. కాని తప్పు చేసినవాళ్ళకు వేయండి.

అదే చట్టంలో సెక్షన్ 117 ఉంది. బండ్లు ఎక్కడ నిలపవచ్చో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిది, లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చినవాళ్ళది. దారిలో గుర్తులు పెట్టించే అధికారం సెక్షన్ 116లో, ఆ గుర్తుల ప్రకారం బండి నడిపే బాధ్యత సెక్షన్ 119లో ఉన్నాయి. అంటే బోర్డు మీ వైపు మాట, దాన్ని పాటించడం నా వైపు పని. నేను పాటించానా లేదా అని తేల్చాలంటే ఆ బోర్డూ నా బండీ ఒకే ఫోటోలో ఉండాలి కదా. నంబరు ప్లేటు ఒక్కటే ఉంటే బండి ఎవరిదో తెలుస్తుంది గాని, బండి చేసిన తప్పేమిటో తెలియదు.

ఇది నేను కొత్తగా అడుగుతున్నది కాదు. కెమెరాలతో, పరికరాలతో వేసే చలాన్ల కోసం 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఎ అనే నిబంధన చేర్చారు. జరిగిన తప్పు స్పష్టంగా కనిపించే ఫోటో, నంబరు ప్లేటు, తేదీ, సమయం, స్థలం ఉండాలని అందులో ఉంది. 15 రోజుల్లోపు నోటీసు పంపాలని, చలాన్ తేలేదాకా ఆ రికార్డు దాచాలని కూడా ఉంది. నాకు మెసేజ్ 9 రోజుల్లో వచ్చింది, అంటే గడువు లోపలే. కాని జరిగిన తప్పు ఆ ఫోటోలో ఎక్కడుంది? స్తంభం మీది కెమెరా తీసినా, రోడ్డు మీద ఉన్న సిబ్బంది చేతిలోని ఫోను తీసినా, ఫైన్ కట్టేవాళ్ళకు తేడా ఏముంది? ఒకే కొలత ఉండాలి.

ఇక ఆ 9 రోజుల సంగతి. నాకు అమ్మ కంటి చూపు కోసం వెళ్ళిన రోజు కాబట్టి ఏ గోడ పక్కన బండి పెట్టానో గుర్తుంది. మా ఇంటి పైన అనంతపురం అబ్బాయి ఉన్నాడు, పార్సిళ్ళు అందించే పని. రోజుకు 30 చోట్ల ఆగుతాడు. పోయిన వారం మంగళవారం మధ్యాహ్నం ఎక్కడ ఆగావు అంటే ఏం చెప్తాడు? తప్పు లేదని తనకే నమ్మకం కుదరక కట్టేస్తాడు. కట్టేస్తున్నాడు కూడా, నేను చూస్తున్నాను.

నేను సగం రోజు సెలవు పెట్టి స్టేషన్‌కు వెళ్ళాను. అది ఏ స్టేషనో, ఏ వీధో ఇక్కడ రాయడం లేదు. మీకు పంపిన ఫిర్యాదులో ఉన్నాయి. ఒకరి ఉద్యోగానికి ఇబ్బంది తేవాలని నా ఉద్దేశం కాదు. కౌంటర్ దగ్గర ఉన్నాయన మర్యాదగానే మాట్లాడారు, అమ్మకు కుర్చీ వేశారు. నా ఫోనులో నేను తీసిన బోర్డు ఫోటో, నీలం గేటు ఫోటో, ఆసుపత్రి చీటీ మీద సమయం అన్నీ చూశారు. గేటు మెయిన్ రోడ్డులో లేదని ఆయనకూ తెలిసింది, మొహంలో కనిపించింది. అయినా "సిస్టమల్లి బందిదె మేడమ్, నావు క్యాన్సల్ మాడోకాగల్ల, కోర్టల్లి హేళి" అన్నారు. సిస్టమ్‌లో ఎక్కిపోయింది, తీసేయడం మా చేతుల్లో లేదు, కోర్టులో చెప్పుకోండి అని. బయటికి వస్తుంటే ఇంకో ఆయన మంచి మనసుతోనే సలహా ఇచ్చారు, "500 కోసం ఎందుకమ్మా తిరుగుతావు, కట్టేయి."

ఆ సలహా దగ్గరే నాకు బాధ కలిగింది. కోర్టుకు ఒక రోజు పోవాలంటే ఒక రోజు జీతం పోతుంది. మా దగ్గర నెలలో ఒక్క రోజు మానినా హాజరు బోనస్ కూడా పోతుంది. రెండూ కలిపితే ఫైన్‌ను మించిపోతుంది. ఆన్‌లైన్‌లో వర్చువల్ కోర్టు ఉంది, నిజమే. అక్కడ ఒప్పుకొని కడితే ఇంట్లో కూర్చునే పని అయిపోతుంది. ఒప్పుకోను, వాదిస్తాను అని నొక్కితే కేసు మామూలు కోర్టుకు పోతుంది. తప్పు చేసినవాళ్ళకు ఐదు నిమిషాలు, చేయనివాళ్ళకు రోజులు.

2023 ఫిబ్రవరిలో పెండింగ్ ఫైన్ల మీద 50 శాతం తగ్గింపు ఇచ్చారు. జనం క్యూలు కట్టారు, కొద్ది రోజుల్లోనే 100 కోట్లకు పైగా వచ్చింది. 2025లో ఆగస్టు 23 నుంచి సెప్టెంబరు 12 దాకా మళ్ళీ ఇచ్చారు. తప్పు చేసి కట్టనివాళ్ళకు అది మంచి అవకాశం. కాని 2023 నాటి ఆ క్యూలో నా పక్క టేబుల్ మీద పనిచేసే అమ్మాయి కూడా నిలబడింది. తన బండి కాని బండికి, నంబరులో ఒక అంకె తప్పు చదివి వేసిన ఫైన్ అది. ఫోటోలో ఉన్నది బైకు, తనది స్కూటరు. ఎవరికి చెప్పాలో తెలియక రెండేళ్ళు పెట్టుకుంది. సగానికి తగ్గేసరికి కట్టేసింది. ఆ 100 కోట్లలో ఇలాంటి రూపాయలు ఎన్ని ఉన్నాయో లెక్క తీయించమని నా మనవి. వసూలైన డబ్బంతా తప్పు ఒప్పుకోలు కాదు, కొంత అలసట కూడా.

ఈ నగరం జనం మాట వినదని నేను అనను. నేను వచ్చిన కొత్తలో టోయింగ్ బండ్లు ఉండేవి. బైకులను ఎత్తి లారీలో వేస్తుంటే వెనక చెప్పులు లేకుండా పరిగెత్తినవాళ్ళను మడివాళ మార్కెట్ దగ్గర కళ్ళారా చూశాను. జనం గట్టిగా అడిగాక 2022 ఫిబ్రవరిలో దాన్ని ఆపారు. అప్పుడు విన్నారు కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. నో పార్కింగ్ చలాన్ వేసేవాళ్ళు రెండు ఫోటోలు తీయాలి. ఒకటి నంబరు ప్లేటు. రెండోది నాలుగడుగులు వెనక్కి జరిగి, బండీ బోర్డూ, లేదా బండీ ఫుట్‌పాతూ కలిపి. రెండోది లేకపోతే సిస్టమ్ ఆ చలాన్‌ను తీసుకోకూడదు. ఫోను తనే గుర్తించే లొకేషన్ ఆ ఫోటో మీద పడాలి, వీధి పేరు చేత్తో ఎంచుకునే పని ఉండకూడదు. మెయిన్ రోడ్డు, క్రాస్ రోడ్డు పక్కపక్కనే ఉన్న ఈ ఊళ్ళో వేలు కొంచెం జరిగితే వీధి మారిపోతుంది. నా విషయంలో జరిగింది బహుశా అదే, కావాలని చేశారని నేను అనుకోవడం లేదు.

అలాగే, ఫిర్యాదు చేసినప్పుడు కోర్టు దాకా పోకముందే ఫోటో చూసి, తప్పయితే తప్పని తీసేసే అధికారం స్టేషన్‌లో ఒక ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి. తీయకపోతే ఎందుకు తీయలేదో ఒక్క వాక్యం రాసి పంపనివ్వండి. ఆ కౌంటర్ దగ్గర ఆయనకు నా మాట నిజమని తెలిసి కూడా ఏమీ చేయలేకపోయారు. ఆయనకు కూడా అది కష్టమే. ఫిర్యాదు తేలేదాకా ఆ చలాన్‌ను పెండింగ్ జాబితాలో చూపించవద్దు. ఇప్పుడు ఏ సిగ్నల్ దగ్గర ఆపినా నా నంబరు కొట్టి "పెండింగ్ ఉంది" అంటున్నారు, వెనక కూర్చున్న అమ్మకు టెన్షన్. పోలీసులు ఆపితే ఏదో పెద్ద తప్పు చేశామనే ఆవిడ అనుకుంటుంది, ఇంటికి వచ్చాక కూడా అదే అడుగుతుంది.

బోర్డుల సంగతి కూడా చూడండి. తుప్పు పట్టినవి, చెట్టు కొమ్మల్లో మునిగినవి, పుట్టినరోజు ఫ్లెక్సీల వెనక దాగినవి ఎన్నో. 2025 సెప్టెంబరు నుంచి నగరం ఐదు కార్పొరేషన్లు అయింది. ఏ వీధి బోర్డు ఎవరు మారుస్తారో ఆ బోర్డు కిందే రాస్తే, కనీసం ఎవరికి ఫోన్ చేయాలో తెలుస్తుంది.

నేను ఫైన్ కట్టలేదు. వర్చువల్ కోర్టులో 'వాదిస్తాను' అనే నొక్కాను. మా ఆయన మొదట వద్దన్నాడు, తర్వాత నీలం గేటు ఫోటో ప్రింటు తనే తీయించుకొచ్చాడు. పూలమ్మే ఆవిడ అది తమ గేటేనని ఎక్కడైనా చెప్తానంది.

అమ్మకు ఎడమ కంటి ఆపరేషన్ వచ్చే నెల 11న. అదే ఆసుపత్రి, అదే వీధి. ఆ రోజు బేసి తేదీ, కాబట్టి బోర్డు ప్రకారం బండిని ఎదురు పక్క పెట్టాలి. పెడితే మళ్ళీ చలాన్ రాదని 11వ తేదీ లోపు మీ శాఖ నుంచి నాకు ఎవరైనా చెప్పగలరా?

ఇట్లు,
ఒక గార్మెంట్ ఉద్యోగిని,
బొమ్మనహళ్ళి, బెంగళూరు