లక్ష కోట్లు సరే, ఎవరికివ్వాలో తేల్చేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో సైన్స్ పరిశోధనకి ప్రభుత్వాలు పెట్టే డబ్బు గురించి అర పేజీ వ్యాసం వేశారు. యూరప్ వాళ్లు ఇన్నేసి వేల కోట్లు ఇస్తున్నారు, మన కేంద్రం కూడా లక్ష కోట్ల నిధి పెట్టింది, ఇక మనకి తిరుగులేదు అన్నట్టు సాగింది. ఇలాంటి విషయానికి అర పేజీ ఇవ్వడమే గొప్ప, అందుకు సంతోషం. కానీ ముందు ఒక చిన్న సంగతి. కింద యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ అని రాసి పైన వేసిన ఫొటో సెర్న్‌ది. ఆ నీలం గొట్టం 27 కిలోమీటర్ల సొరంగంలో ఉండేది. గుంటూరులో 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, ఆ గొట్టం బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు, అందుకే చూడగానే చెయ్యి ఊరుకోలేదు.

సెర్న్ అంటే 12 దేశాలు ఒప్పందం రాసుకుని 1954లో జెనీవా దగ్గర పెట్టుకున్న ప్రయోగశాల. సభ్య దేశాలు తమ తమ ఆదాయాన్ని బట్టి ఏటా చందా కడతాయి, మనం కూడా 2017 నుంచి అసోసియేట్ సభ్యులం. రీసెర్చ్ కౌన్సిల్ సంగతి వేరు. దానికి సొరంగమూ లేదు, యంత్రమూ లేదు. బ్రస్సెల్స్‌లో ఒక ఆఫీసు, 22 మంది శాస్త్రవేత్తల మండలి, పరిశోధనకి ఇవ్వడానికి యూరోపియన్ యూనియన్ పెట్టిన ఒక నిధి, అంతే. ఫొటో తీయడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు కాబట్టి మీ డెస్క్ వాళ్లని మరీ తప్పు పట్టను.

అసలు తప్పు అంకెల తర్వాత ఉంది. ఈ కౌన్సిల్ 2007లో మొదలైనప్పుడు ఏడేళ్లకి 750 కోట్ల యూరోలు, తర్వాతి ఏడేళ్లకి 1,310 కోట్లు, ఇప్పుడు నడుస్తున్న 2021-27 కాలానికి 1,600 కోట్లు. మీ వ్యాసం ఇవన్నీ చెప్పి ఆగిపోయింది. ఆ డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళ్తుందో, ఎవరు అవునంటే అవునో, ఎవరు కాదన్నా ఆగదో ఒక్క ముక్క లేదు. నాకు తెలిసి ఆ కౌన్సిల్‌లో చెప్పుకోవాల్సింది అదొక్కటే.

ఈ కౌన్సిల్ రాకముందు బ్రస్సెల్స్ డబ్బు, అంటే యూరోపియన్ యూనియన్ డబ్బు, ఎలా వెళ్లేదంటే, ఏ అంశం మీద పరిశోధన జరగాలో అధికారులే ముందు తేల్చేవాళ్లు, మూడు నాలుగు దేశాల సంస్థలు జట్టు కట్టి దరఖాస్తు పెట్టుకునేవి. పైగా ప్రతి దేశానికీ తాను కట్టినంత తనకి తిరిగి రావాలన్న పట్టుదల. వినాయక చవితి పందిట్లో వెయ్యి రూపాయల చందా ఇచ్చినాయన నిమజ్జనం రోజు తన లడ్డూ ముక్క ఎంతుందో చూసుకున్నట్టు. కౌన్సిల్ ఈ రెండూ పక్కన పెట్టేసింది. దేశాల కోటా లేదు. ఫలానా అంశమని లేదు. ఒక మనిషి, ఒక ఆలోచన, అది ఎంత గట్టిదన్న ఒక్క కొలమానం. నిపుణుల ప్యానెల్ ముందు చిన్న సారాంశం చదువుతుంది, నచ్చితే మొత్తం ప్రతిపాదన బయటి నిపుణులకి వెళ్తుంది, ఆ తర్వాత ఇంటర్వ్యూ. పీహెచ్‌డీ అయి కొద్ది ఏళ్లే అయినవాళ్లకి ఐదేళ్లకి 15 లక్షల యూరోల దాకా, పెద్దవాళ్లకి 25 లక్షల దాకా. మొదటిసారి పిలిచినప్పుడు 9 వేలకి పైగా దరఖాస్తులు వస్తే ఇచ్చింది 300 మందికి. మిగతావాళ్లు తిట్టుకునే ఉంటారు, అది వేరే సంగతి.

నాకు బాగా నచ్చినది ఇంకోటుంది. గ్రాంటు మనిషి వెంట నడుస్తుంది. మీరు పనిచేసే యూనివర్సిటీలో పొసగలేదనుకోండి, ఆ డబ్బుతో సహా ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు. హెచ్‌ఓడీ గారికి నమస్కారం పెట్టలేదని ల్యాబ్ తాళంచెవి దొరకని చోట్ల పనిచేసినవాళ్లకి ఈ ఒక్క నిబంధన విలువ తెలుస్తుంది.

ఇంకో సవరణ కూడా వేయండి దయచేసి. 'యూరోపియన్లకి మాత్రమే' అని రాశారు. కాదు. ఏ దేశం వాళ్లయినా దరఖాస్తు పెట్టుకోవచ్చు, పనిచేసే సంస్థ మాత్రం యూరోపియన్ యూనియన్‌లోనో దాంతో ఒప్పందమున్న దేశంలోనో ఉండాలి. మన జిల్లాల నుంచి అక్కడ పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన, చేస్తున్న పిల్లలు తక్కువేం కాదు, వాళ్ల అమ్మానాన్నలు మీ పత్రికే చదువుతారు.

ఈ కౌన్సిల్‌కి మొదటి అధ్యక్షుడు ఫోటిస్ కఫాటోస్ అని గ్రీకు శాస్త్రవేత్త. ఆయన జీవితమంతా పురుగుల మీద పనిచేశాడు, పట్టుపురుగు గుడ్డు పెంకు నుంచి మలేరియా దోమ దాకా. పురుగుల మీద పనిచేసేవాడు అంత పెద్ద పదవిలోనా అని మనవాళ్లు నవ్వుతారేమో కానీ గుంటూరులో మాత్రం నవ్వకూడదు. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతలో దూరి తోటలకి తోటలు పీకించింది గుర్తుందా? మా పక్కింటి వాళ్ల పెదనందిపాడు చేను కూడా అందులో పోయింది. ఆ పురుగు మన దేశంలో కనిపించిందని 2015లోనే కర్ణాటకలో బొప్పాయి మీద చూసి శాస్త్రవేత్తలు నమోదు చేశారు. అప్పట్లో అదొక జర్నల్‌లో చిన్న పేపరు, ఎవరికీ పట్టని పని. ఏ పని ఎప్పుడు పనికొస్తుందో మంత్రిగారికీ తెలియదు, నాకూ తెలియదు, ఆ పేపరు రాసినవాళ్లకి కూడా తెలిసి ఉండదు.

దీని మీదే అక్కడ పెద్ద గొడవ కూడా అయింది. 2020 జనవరిలో మౌరో ఫెరారీ అనే ఆయన అధ్యక్షుడయ్యారు. రెండు నెలలు తిరక్కుండానే కోవిడ్. ఈ డబ్బుతో కోవిడ్ మీద ప్రత్యేక కార్యక్రమం పెడదామన్నారాయన. మనం అంశాలు నిర్ణయించం, శాస్త్రవేత్తలే తెస్తారు, అదే మన పుట్టుక అని మండలి ఒప్పుకోలేదు. మార్చిలో మిగతా సభ్యులంతా ఒకే మాట మీద ఆయన్ని తప్పుకోమన్నారు, ఆయన పనితీరు మీద వాళ్లకి వేరే ఫిర్యాదులూ ఉన్నాయనుకోండి. ఏప్రిల్‌లో రాజీనామా చేసేశారు. జనం పిట్టల్లా రాలిపోతుంటే ఇదేం పంతం అని నాకూ మొదట అనిపించింది, నిజం చెప్పాలంటే ఇప్పటికీ సగం అనిపిస్తుంది. అయితే కోవిడ్ టీకా తెచ్చిన బయోఎన్‌టెక్ కంపెనీ వ్యవస్థాపకుడు ఉగుర్ షాహిన్ అంతకుముందే ఈ కౌన్సిల్ గ్రాంటు తీసుకున్నాడు, అదీ క్యాన్సర్ టీకాల పని కోసం. కోవిడ్ అన్న మాటే పుట్టక ముందు. అధ్యక్షుణ్ణి కూడా కాదనగలిగే మండలి ఉందక్కడ, నేను చెప్పేది ఆ మాట.

అక్కడంతా బంగారమని చెప్పడం లేదు. ఈ గ్రాంట్లలో పెద్ద వాటా జర్మనీ, బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్‌లకే పోతుంది, రొమేనియా, బల్గేరియా వాళ్లకి దక్కేది బహు తక్కువ. కోటా లేదంటే ఉన్నవాడికే పెడుతుంది, ఆ బాధ బాధే. రాజకీయం కూడా దూరుతుంది. బ్రెగ్జిట్ తర్వాత ఒప్పందం తేలక, గ్రాంటు గెలిచిన బ్రిటన్ శాస్త్రవేత్తలకి యూరప్‌లోకి మారతారా, వదులుకుంటారా అని చెప్పేశారు. 2024 జనవరిలో గానీ వాళ్లు మళ్లీ లోపలికి రాలేదు. హంగరీలో యూనివర్సిటీలని ట్రస్టుల కింద పెట్టి బోర్డుల్లో పాలకపక్షం మనుషుల్ని కూర్చోబెట్టారని 2022 డిసెంబరులో ఆ సంస్థలకి యూరప్ డబ్బు కొత్తగా ఇవ్వకుండా ఆపేశారు. బోర్డుల్లో ఎవరెవరు కూర్చున్నారో చూసి డబ్బు ఆపడం అనేది చదివి నేను కాసేపు మన పాలకమండళ్లని తలుచుకున్నాను. ఇప్పుడు వాళ్లకింకో టెన్షన్. 2028 నుంచి ఏడేళ్లకి పరిశోధన కార్యక్రమం మొత్తానికి 17,500 కోట్ల యూరోలు ప్రతిపాదించారు, దాన్ని పరిశ్రమల పోటీ శక్తి పెంచే నిధితో ముడిపెడుతున్నారు. డబ్బు పెరుగుతుంది సరే, పగ్గం ఎవరి చేతికి పోతుందోనని శాస్త్రవేత్తలు అడుగుతున్నారు.

ఇక మన లక్ష కోట్లు. మీ వ్యాసం దాన్ని యూరోపియన్ కౌన్సిల్ పక్కన పెట్టి పోల్చింది. ఇది మిర్చి ధరనీ పత్తి ధరనీ పోల్చినట్టుంది. 2025లో కేబినెట్ ఒప్పుకున్న ఆ నిధి ప్రధానంగా ప్రైవేటు రంగం కోసం, తక్కువ వడ్డీకో వడ్డీ లేకుండానో దీర్ఘకాలం ఇచ్చే అప్పులు అందులో ముఖ్యం, అదీ ల్యాబ్‌లో పనిచేస్తుందని తేలిన దశ దాటిన టెక్నాలజీకి. మంచిదే, కావాలి. కానీ ఇంకా తేలని దాని మీద చేసేదే ఫ్రాంటియర్ పరిశోధన. దానికి మనం పెట్టుకున్నది 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. ఐదేళ్లకి 50 వేల కోట్లన్నారు, అందులో 36 వేల కోట్లు ప్రభుత్వం బయట, అంటే కంపెనీలూ దాతల నుంచి రావాలన్నారు. పాలకమండలికి ప్రధాని అధ్యక్షుడు, ఇద్దరు కేంద్ర మంత్రులు ఉపాధ్యక్షులు. అది ఏ పార్టీ ప్రధాని అన్నది నా మాట కాదు, ఏ పార్టీ అయినా అదే అంటాను. ఒక అంశం వద్దని ఆ బల్ల దగ్గర ప్రధానికి చెప్పగల శాస్త్రవేత్త ఉంటాడా? దేశం మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతం, యూరప్‌లో 2 శాతం పైన, ఆ తేడా అందరూ రాస్తారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ రాయరు.

ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా చెల్లెలి కొడుకు ఒక పేరున్న సంస్థలో లేజర్ల మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు, పేరు రాస్తే వాడికి ఇబ్బంది. ఫెలోషిప్ కాగితం మీద నెలకి 37 వేలు, పోయినేడు ఎనిమిది నెలలు పైసా రాలేదు. అడిగితే యూసీ, అంటే ఇచ్చిన డబ్బు ఖర్చు చేశామని చూపే పత్రం, వెళ్లలేదన్నారు, వెళ్లిందంటే పోర్టల్ మారిందన్నారు. మెస్ బిల్లు, గది అద్దె ఆగవు కదా. సాయంత్రాలు విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్లో ఎంసెట్ పిల్లలకి షార్ట్‌కట్లు చెప్పడం మొదలుపెట్టాడు. మావయ్యా, ఇక్కడ మాత్రం ఒకటో తారీకు జీతం పడుతుంది అని నవ్వుతూ చెప్పాడు. వాడి సబ్జెక్టులోనే 2023లో నోబెల్ వచ్చిన అన్ లుయిలియే అసలు విషయం కనిపెట్టింది 1987లో, లేజర్ని గ్యాస్ గుండా పంపినప్పుడు. అక్కడి నుంచి సెకనులో వంద కోట్ల వంతులో వంద కోట్ల వంతు సేపు వెలిగే మెరుపుల దాకా పని నడిచి, బహుమతి వచ్చేసరికి 36 ఏళ్లు. ఆవిడా, ఆవిడతో పాటు నోబెల్ పంచుకున్న ఫెరెంక్ క్రౌసూ ఇద్దరూ ఈ కౌన్సిల్ గ్రాంట్లు అందుకున్నవాళ్లే. ఎనిమిది నెలలు ఆగిన మా వాడి ప్రయోగం మళ్లీ మొదలుపెట్టాలంటే అద్దాల అలైన్‌మెంట్ మొదటి నుంచి చేసుకోవాలట, ఆ గదిలో ఏసీ కూడా తీసేశారట.

ఈసారి మీ విలేకరి ఈ నిధుల మీద రాసేముందు ఒక్క పని చేయాలని నా మనవి. గుంటూరు, విజయవాడల చుట్టూ ఉన్న యూనివర్సిటీల్లో ఓ పదిమంది పరిశోధక విద్యార్థుల్ని ఫెలోషిప్ చివరిసారి ఏ తారీకున పడిందో అడిగి, ఆ తారీకులు వరసగా అచ్చు వేయండి. ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు