మా పాపను చూసుకుంటున్న పిన్నిగారికి, ఇంకో ముగ్గురికి కృతజ్ఞతలు

ఇది రాయాలని రెండు నెలలుగా అనుకుంటున్నాను. డ్యూటీలు, ఇల్లు, పాప, ఏదో ఒకటి అడ్డం పడుతూనే ఉంది. ఇవాళ నైట్ ఆఫ్, పాప పడుకుంది, ఇప్పుడు కూడా రాయకపోతే ఇక రాయనేమో అని కూర్చున్నాను.

నేను నరసాపురంలో ఒక చిన్న ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఉండేది గోదావరికి ఇటుపక్క, సఖినేటిపల్లి మండలంలో, మా అత్తగారి ఊళ్ళో. రోజూ రేవుకి వెళ్ళి పంటు మీద, అంటే బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ మీద, వశిష్ఠ గోదావరి పాయ దాటి డ్యూటీకి వెళ్ళాలి. మా డ్యూటీలు మూడు రకాలు, పొద్దున్న 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 8, నైట్ అయితే రాత్రి 8 నుంచి పొద్దున్న 8. వారం వారం మారిపోతుంటాయి. ఎనిమిదింటికి డ్యూటీ దిగడం అంటే ఎనిమిదింటికే బయటపడడం కాదు, తర్వాత వచ్చే సిస్టర్‌కి పేషెంట్లందరినీ అప్పజెప్పి, కేస్ షీట్లు రాసి, స్కూటీ తీసి రేవు దగ్గరికొచ్చేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంటే ఇంకో అరగంట.

మా ఆయనవి రొయ్యల చెరువులు, లీజుకి. రాత్రి ఆయన ఇంట్లో ఉండలేరు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే జనరేటర్ వేసే మనిషి గట్టు మీద ఉండి తీరాలి, లేదంటే పొద్దున్నకి రొయ్య చచ్చి తేలిపోతుంది. పాపను చెరువు గట్టుకి తీసుకెళ్ళే మాట ఊహించుకోవడానికే నాకు భయం.

26 వారాల మెటర్నిటీ సెలవు అయ్యాక మా అత్తగారే పాపను చూసుకున్నారు, ఎంతో బాగా చూసుకున్నారు. పాపకి తొమ్మిదో నెలలో ఆవిడ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. మా అమ్మ లేదు. అక్కడ మొదలైంది అసలు కష్టం.

చట్టం ప్రకారం 50 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట పిల్లల్ని ఉంచడానికి క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకుని రావచ్చు. మా ఆసుపత్రిలో అందరం కలిపినా అంతమంది లేం. ప్లే స్కూల్లో అడిగితే రెండేళ్ళు నిండాలి, అదీ తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకానే అన్నారు. అంగన్‌వాడీలో కూర్చోబెట్టుకునేది మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ పిల్లల్ని. మూడేళ్ళ లోపు వాళ్ళకి ఇంటికి బాలామృతం, గుడ్లు, పాలు ఇస్తారు, అంతవరకే. ఊళ్ళో ఒకావిడ మూడు వారాలు చూసింది, పాపం మంచి మనిషే, కానీ అయిదు దాటితే ఉండలేనంది, వాళ్ళింట్లో వంట ఆవిడే చెయ్యాలి. ఇంకొకావిడ నైట్ అనగానే తలుపు దగ్గరే వద్దంది. వాళ్ళెవరినీ నేను తప్పు పట్టను. నా టైములు ఎవరి ఇంటి టైముకీ సరిపోయేవి కావు. కానీ ఆ రోజుల్లో నాకు వచ్చిన టెన్షన్ నాకే తెలుసు, వార్డులో సెలైన్ మారుస్తూ కూడా ఇంట్లో ఇప్పుడు పాప ఎవరి దగ్గరుందో అని లెక్క వేసుకుంటూ ఉండేదాన్ని. అలాంటి మనసుతో ఇంజక్షన్ పట్టుకోకూడదు అని ఒకరోజు నాకే అనిపించి రాజీనామా కాగితం రాసేశాను.

మొదటి థాంక్స్ మా ఇన్‌చార్జి సిస్టర్‌కి. ఆ కాగితం తీసుకుని సొరుగులో పెట్టి తాళం వేసి, "నెలాఖరు దాకా ఇది నాకు ఇవ్వలేదనుకో, ఈలోపు నీకు నైట్‌లు వెయ్యను" అన్నారు. అంతే కాదు, అప్పటిదాకా శనివారం సాయంత్రం తెలిసే డ్యూటీలు రెండు వారాల ముందే వేసి అందరికీ ఇవ్వడం మొదలుపెట్టారు. పిల్లలున్న ఆడవాళ్ళకి ఇది ఎంత పెద్ద సాయమో చెప్పలేను. డ్యూటీ తగ్గించమని మేం అడగడం లేదు, ఎప్పుడో ముందే తెలిస్తే చాలు, ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాం.

రెండో థాంక్స్ మా అంగన్‌వాడీ టీచరమ్మకి. ఓ రోజు డ్యూటీ దిగి, యూనిఫారం మీదే గుడ్లు తీసుకోవడానికి వెళ్ళాను. నా మొహం చూసి "ఏంటమ్మా అలా అయిపోయావ్" అని కూర్చోబెట్టి టీ ఇచ్చింది. అంతా చెప్పేశాను, ఏడ్చేశాను కూడా. ఆవిడ కాసేపు ఆలోచించి "మన వెనక వీధిలో కువైట్ నుంచి వచ్చేసినావిడ ఉంది కదా, అడుగుదామా" అంది. ఆ సాయంత్రం సెంటర్ మూసేశాక నన్ను తనే తీసుకెళ్ళింది. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎవరికి ఎంత ఓపిక ఉందో ఆ టీచరమ్మలకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

ఇక పిన్నిగారి గురించి.

మా వైపు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు దాదాపు ప్రతి వీధిలో ఉంటారు. పిన్నిగారు కువైట్‌లో ఒకే ఇంట్లో తొమ్మిదేళ్ళు పిల్లల్ని చూసుకున్నారు. ఇప్పుడు యాభై దాటింది, తిరిగొచ్చేసి ఇంటి దగ్గర లేసు అల్లుకుంటున్నారు. నరసాపురం లేసు అంటే పేరే కానీ, అల్లే చేతులకి వచ్చేది తక్కువ.

ఇప్పటిదాకా ఎవరింటికి వెళ్ళినా ముందు జీతం మాట వచ్చేది. పిన్నిగారు చేతిలో లేసు సూది పక్కన పెట్టి, "నీ డ్యూటీలు ఒక కాగితం మీద రాసివ్వమ్మా, చూసి చెప్తాను" అన్నారు. రెండు రోజులు ఆ కాగితం దగ్గర పెట్టుకున్నారు. మూడో రోజు పిలిచి వరసగా చెప్పారు. పొద్దున్న డ్యూటీకి ఆరున్నరకి తీసుకురా, నేను లేచే ఉంటాను. నైట్‌లు వరసగా రెండుకి మించి వద్దు, నాకూ నిద్ర కావాలి. ఆదివారం తొమ్మిదింటి నుంచి పదకొండు దాకా ప్రార్థన, ఆ రోజు నీకు డ్యూటీ అయితే పాప నాతో పాటు వస్తుంది, నీకు ఇష్టమేనా. కొత్త డ్యూటీ కాగితం ఆదివారం లోగా నా చేతికి రావాలి. డబ్బులు ఐదో తారీకు దాటకూడదు. నైట్‌కి వేరే.

నేను అన్నిటికీ తలూపాను. లోపల ఎంత తేలికపడ్డానో. "పర్లేదమ్మా ఎంతో కొంత ఇయ్యి, ఎప్పుడో అప్పుడు వద్దువులే" అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది కానీ నెల తిరక్కుండానే ఇద్దరికీ మనసు కష్టం వస్తుంది, నాకు అది అనుభవమే. ఆవిడ తన టైము విలువ తను చెప్పారు కాబట్టే నా టైము కూడా ఆవిడకి అర్థమైంది అని నా నమ్మకం.

పిన్నిగారి పెరట్లో కొబ్బరిచెట్లు దాటగానే బోదె, అంటే చిన్న కాలవ ఉంది, నడుం లోతు నీళ్ళు. నడక నేర్చే పిల్లకి ఈ డెల్టాలో అంతకంటే భయం ఇంకోటి లేదు. దాని గురించి ఎలా అడగాలా, అడిగితే ఏమనుకుంటారో అని రాత్రంతా మథనపడి, పొద్దున్నే వెళ్ళేసరికి ఇద్దరు మనుషులు బోదె వైపు కొబ్బరాకుల దడి కడుతున్నారు. వాసాలు దగ్గర దగ్గరగా పాతించి, కిందనుంచి చెయ్యి పట్టకుండా మట్టి కూడా తొక్కించారు. దడికి ఒక తలుపు, ఆ తలుపు గొళ్ళెం పైన, పెద్దవాళ్ళకి మాత్రమే అందేంత ఎత్తులో. "పాప రేపు కదా వచ్చేది, ఇవాళ అయిపోతుంది" అన్నారు. ఆ గొళ్ళెం చూసి నేను అక్కడే నిలబడిపోయాను.

పాపను అలవాటు చేసింది కూడా ఆవిడ పద్ధతిలోనే. మొదటి రెండు రోజులు నేనూ అక్కడే కూర్చున్నాను. మూడో రోజు గంటసేపు బయటికి పంపించారు, చెప్పకుండా దొంగతనంగా వెళ్ళొద్దు, పాప ఏడ్చినా సరే టాటా చెప్పే వెళ్ళు అన్నారు. తర్వాత రెండు గంటలు, తర్వాత ఒక పూట. వారం తిరిగేసరికి పాప నన్ను చూసి మొహం తిప్పేసి ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఇప్పుడు ఆవిడని "మామ్మా" అంటుంది.

ఒక నోటు పుస్తకం పెట్టారు. ఐదో తరగతి చదువు ఆవిడది, అక్షరాలు పెద్దవిగా, గుండ్రంగా ఉంటాయి. "7.10 పాలు. 9 నిద్ర. 10.20 లేచింది. 12.30 పప్పన్నం, సగం ఒదిలేసింది. పాస్ 4." మా వార్డులో ఛార్టు ఇంత బాగా రాసేవాళ్ళు తక్కువ. మొన్న పాపకి జ్వరం వచ్చినప్పుడు ఎంత ఉంది, ఎన్నింటికి చూశారు, నేను ఫోన్లో చెప్పిన చుక్కల మందు ఎన్నింటికి వేశారు, అన్నీ అందులో ఉన్నాయి, డాక్టర్‌గారికి ఆ పుస్తకమే చూపించాను.

ఇప్పుడు వరద రోజుల సంగతి. మా వాళ్ళందరికీ తెలిసిందే, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీళ్ళు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, అంటే పది లక్షల క్యూసెక్కులు. 13.75 అడుగులకి రెండోది. 2022 జూలైలో 25 లక్షలు దాటినప్పుడు లంకలు ఎలా మునిగాయో ఎవరూ మర్చిపోలేదు. ఈసారి అంత రాలేదు, కానీ పంటు ఆగడానికి అంత రానక్కర్లేదు. ఆ రోజు నాది మధ్యాహ్నం డ్యూటీ, ఒంటిగంటకి దాటేశాను. నాలుగింటికి రేవులో పనిచేసే అన్నయ్య ఫోన్ చేసి "సిస్టరమ్మా, పంటు కట్టేశారు, ఇవాళ ఇక లేదు, నువ్వు ఎనిమిదింటికి రేవుకొచ్చి చీకట్లో నిలబడకు" అన్నారు. మూడో థాంక్స్ ఆయనకే. ఎప్పుడో వేలికి తాడు ఒరుసుకుంటే కట్టు కట్టాను, అది గుర్తు పెట్టుకుని పంటు ఆగే ప్రతిసారీ ముందు నాకు చెప్తారు.

ఇక దారి పాలకొల్లు వెళ్ళి, చించినాడ వంతెన మీదుగా, రాజోలు చుట్టి రావడమే. రాత్రి, వాన, ఒక్కదాన్ని స్కూటీ మీద. మా ఆయన చెరువు గట్టు తెగుతుందేమో అని ఇసుక బస్తాలు వేయిస్తున్నారు. పిన్నిగారికి ఫోన్ చేశాను. "రావద్దు. పాప తింది, పడుకుంది. నువ్వు అక్కడే పడుకో" అన్నారు. ఐదు నిమిషాల్లో వీడియో పంపారు, దోమతెరలో పాప బోర్లా పడుకుని ఉంది, పక్కన ఆవిడ చెయ్యి, లైటు తీసేసిన గదిలో వాన చప్పుడు. మా నర్సుల గదిలో అది ఎన్నిసార్లు చూశానో.

మర్నాడు డ్యూటీ లేదు, పగలు చుట్టు తిరిగి వెళ్ళి పాపను చూసుకుని వచ్చాను. పంటు మూడు రోజులు తిరగలేదు. ఆ మూడు రాత్రుళ్ళూ పాప పిన్నిగారి దగ్గరే. నెలాఖరుకి లెక్క చూస్తే మూడు నైట్‌లు ఆవిడ రాయలేదు. వరదకి డబ్బులేంటి అన్నారు. నేను ఒప్పుకోలేదు. పుస్తకంలో నా చేత్తోనే రాసి, నైట్‌కి ఎంత అనుకున్నామో అంతా కలిపి ఇచ్చాను. కాసేపు చూసి, లెక్కపెట్టుకుని, పెట్టెలో పెట్టుకున్నారు. నాకు అదే తృప్తి. అభిమానం వేరే, అది మా ఇద్దరికీ ఉంది, కానీ నిద్ర లేని రాత్రి నిద్ర లేని రాత్రే, అది నర్సుని నాకు ఎవరో చెప్పాలా.

పాప మొదటి అడుగులు వేసిన రోజు నేను వార్డులో ఉన్నాను. టీ టైములో వీడియో కాల్. అరుగు అంచున ఫోను ఆనించి, అటు నుంచి "రా, రా, అమ్మ దగ్గరికి రా" అని పిలుస్తున్నారు. నాలుగు అడుగులు వేసి ఫోను మీద పడింది. నేను ఏడుస్తుంటే ఆవిడ అన్నారు, "మా చిన్నాడికి నడక వచ్చింది, మాటలొచ్చాయి, అన్నీ మా అమ్మ ఫోన్లో చెప్తే విన్నానమ్మా. అప్పుడు వీడియోలు ఎక్కడివి. నువ్వన్నా చూస్తావని చేశాను." ఆ తర్వాత ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు.

ఇది చదివి నంబర్ ఇమ్మని అడుగుతారని తెలుసు. ఇంకో బిడ్డని తీసుకోలేనని పిన్నిగారు ముందే చెప్పారు, ఒకరినే సరిగ్గా చూడగలను అన్నారు. మీ ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని ఒకసారి అడగండి, నాలాగా ఆఖరున కాదు, ముందే. వెళ్ళేటప్పుడు మీ డ్యూటీలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి, ఆలస్యమయ్యే రోజులు కూడా దాచకుండా రాయండి.

ఇలా రాస్తున్నానని సాయంత్రం పిన్నిగారికి చెప్పాను. పాపకి జడ వేస్తూ, తల ఎత్తకుండానే, "నా పేరు వెయ్యకమ్మా. కొత్త కాగితం ఇంకా ఇవ్వలేదు నువ్వు, రేపు ఆదివారం" అన్నారు.

ఇచ్చేశాను పిన్నిగారూ, మీ ఫ్రిజ్ మీద అంటించి వచ్చాను. మంగళ, బుధ నైట్‌లు.