అన్నం ఇంట్లో, కూర బయట

చిరంజీవి నాన్నకు,

మొన్న ఫోన్‌లో పెద్ద లెక్కే చెప్పావు. వంటకీ, అంట్లకీ పోయే టైమ్ చూస్తే రోజూ బయట తినడమే నయమని. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, అప్పుడు జవాబు చెప్పలేకపోయాను.

లెక్క తప్పని అనను, సగమే వేశావు. వంటంటే పొయ్యి దగ్గర నిలబడే అరగంటేనా? చిక్కుడుకాయలకు ఈనెలు తీయాలి, గోంగూర వలవాలి, చింతపండు నానబెట్టాలి. వీటన్నిటికంటే ముందు ఈ పూట ఏం వండాలో తేల్చుకోవాలి. ఆ టెన్షన్‌కి ఆదివారం కూడా సెలవుండదు. మీ నాన్నగారిని అడిగితే "ఏదో ఒకటి చెయ్యి" అంటారు. ఏదో ఒకటి అనే కూరగాయ ఏ రైతుబజార్లోనూ అమ్మరు.

2024లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వే సంగతి పేపర్లో వచ్చింది. ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లకి రోజుకు 289 నిమిషాలు పడుతోందట, మగవాళ్లకి 88. పైకి చదివి వినిపిస్తే మీ నాన్నగారు కళ్లజోడు తుడుచుకోవడం మొదలెట్టారు. ఇంతకీ నువ్వు విసిగిపోయిన ఆ వంట, మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారు? కోడలమ్మాయికీ ఆఫీసే కదా.

రోజూ హోటల్ తిండి వద్దు. అలాగని మూడు పూటలా పొయ్యి వెలిగించమనీ చెప్పను. మీ కూకట్‌పల్లిలో ఏ సందులో చూసినా కర్రీ పాయింటే. అన్నం, పప్పు ఒకే కుక్కర్లో రెండు గిన్నెల్లో పెట్టేసెయ్. కూర కొనుక్కో. అదీ గుత్తివంకాయో, కాకరకాయ పులుసో, చేతికి పని ఎక్కువ పెట్టేవి. బంగాళాదుంప వేపుడుకి డబ్బులు పొయ్యకు, అది నీకూ వచ్చు. వేడి పులుసు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకోవద్దు, స్టీలు క్యారేజీ పట్టుకెళ్లు. మొహమాటమెందుకు, డబ్బులిచ్చే కొంటున్నావుగా. ఇంకో మాట, ఉప్పు. రోజుకు 5 గ్రాములు దాటొద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెబుతున్నారు. కొన్న కూరకి తోడు ఆవకాయ, అప్పడం కూడా పెట్టుకుంటే ఏమవుతుందో నువ్వే చూసుకో. ఆ పూట ఆవకాయ జాడీ జోలికి పోకు.

ఆదివారం బిర్యానీకి వెళ్లండి, దానికి నా అనుమతి అక్కర్లేదు.

కందిపొడి, కరివేపాకు పొడి బస్సు పార్సిల్లో వేశాం. అయిపోయాక ఫోన్ చెయ్యి. మళ్లీ పంపను, ఎలా చేసుకోవాలో చెబుతాను. నువ్వే రాసుకో, అమ్మాయి చేత రాయించకు.

ఆశీస్సులతో,
అమ్మ