మాన్‌హైమ్ ఊరా, మనిషా?

సోషియాలజీ తెలుగు గైడ్లలో విదేశీ పేర్లను ఇష్టమొచ్చినట్టు రాస్తున్నారు, దాంతో పిల్లలు తప్పులు నేర్చుకుంటున్నారు. పోటీ పరీక్షకు చదువుతున్న మా తమ్ముడి కూతురి పుస్తకంలో ఒకే పేజీలో మాన్‌హీమ్, మన్‌హైమ్, మాన్‌హెయిమ్ అని మూడు రకాలుగా ఉంది, పైగా సామాజిక శాస్త్రవేత్త కార్ల్ మాన్‌హైమ్ జర్మనీలో అదే పేరున్న ఊళ్లోనే పుట్టాడని అచ్చు వేశారు, పాపం ఆ అమ్మాయి దాని కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసుకుంది. నిజానికి ఆయన 1893లో బుడాపెస్ట్‌లో పుట్టాడు, హిట్లర్ రాగానే 1933లో ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలో ఉద్యోగం పోయి లండన్ చేరాడు, అక్కడే 1947లో చనిపోయాడు. మాన్‌హైమ్ నగరం రైన్, నెక్కార్ నదులు కలిసేచోట ఉంది, కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంట్ తీసుకున్నది అక్కడుండగానే, కాబట్టి 'కార్ల్', 'మాన్‌హైమ్' రెండూ పక్కపక్కన కనిపిస్తే ఎవరైనా పొరబడతారు. మనిషి ఆలోచన అతను పుట్టి పెరిగిన కాలాన్ని, సమాజంలో అతని స్థానాన్ని బట్టి రూపుదిద్దుకుంటుందని చెప్పిన పండితుడు కార్ల్ మాన్‌హైమ్, అలాంటాయన పుట్టిన ఊరే తప్పు రాస్తే పాఠం పిల్లలకు ఎలా ఎక్కుతుంది? గైడ్లు వేసేవాళ్లు పుస్తకం చివర రెండు పేజీలు కేటాయించి ప్రతి పేరునూ అసలు ఉచ్చారణకు దగ్గరగా ఒకే స్పెల్లింగ్‌తో, పుట్టిన ఊరు, సంవత్సరంతో సహా ఇవ్వాలి. మీ పత్రిక చదువు పేజీలోనూ మొదటిసారి పేరు వచ్చినప్పుడు 'హంగరీలో పుట్టిన సామాజిక శాస్త్రవేత్త' అనో 'జర్మనీ నగరం' అనో పక్కన ఒక్క మాట వేయండి.